జోడీకి మగపిల్లాడు కావలెను

మస్కట్‌లో నేను చేసిన ఉద్యోగం ఏమిటో చెబితే మా ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. బయట నిలబడితే చెప్పుల అడుగు మెత్తబడే ఎండ. లోపల స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, కారే ముక్కు తుడుచుకుంటూ, వచ్చినవాళ్ళ కాళ్ళకు బూట్లు అందించే పని. పెద్ద షెడ్డులాంటి హాలు, అందులో నేలంతా మంచు గడ్డకట్టించి ఉంటుంది. దాని మీద జారడానికి జనం టికెట్టు కొనుక్కుని వస్తారు. రింకు అనేవాళ్ళం. "మా వదిన మస్కట్‌లో ఐసు దగ్గర పనిచేస్తుంది" అని మా ఆడబిడ్డ చెబితే, పుల్ల ఐసు బండి అనుకున్నారంట. వాళ్ళను అనడానికి లేదు. ఏజెంటు చెప్పినప్పుడు నేనూ అదే అనుకున్నాను.

ఇప్పుడు పని మానేసి వచ్చి కడపలో మా చెల్లెలి ఇంటి మేడ మీద ఉంటున్నాను. నాకు చదువు నలభై దాటాక వచ్చింది. రూవీలో మా రూమ్‌లో ఉండే టైలరమ్మ డ్యూటీ లేని పూట పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. కాబట్టి నా రాతలో సొగసులు వెతకొద్దు. ఆటల్లోకి, ఉద్యోగాల్లోకి కొత్తగా దిగే పిల్లలు మీలో ఉంటారు కదా, మీకోసం రాస్తున్నాను. గల్ఫు కష్టాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాసేది మంచు మీద డాన్సు చేసిన ఒక పిల్ల గురించి, ఆ పిల్ల చుట్టూ తిరిగిన పెద్దమనుషుల గురించి. పెద్దమనుషులని మర్యాదకు అన్నాను.

ఆ ఆటను ముందు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల చేతులు పట్టుకుని పాటకు తగ్గట్టు మంచు మీద డాన్సు చేయాలి. గాల్లోకి విసిరి పట్టుకునే ఆట వేరే ఉంది, ఇది అది కాదు, ఇందులో అప్పుడప్పుడు కొంచెం ఎత్తడమే. ఇక్కడ చూసేది అడుగు, తాళం, ఇద్దరి మధ్య ఎడం. నాలుగు కాళ్ళూ ఒకే మనిషివి అనిపించాలంట. బాగానే ఉంది. చిక్కల్లా ఒకటే. ఈ ఆటకు ఆడపిల్లలు వస్తూనే ఉంటారు, మగపిల్లలు రారు. వాళ్ళు వంకర కర్రలు పట్టుకుని బిళ్ళను కొట్టుకునే ఆటకు పోతారు. అందుకని డాన్సుకు వచ్చిన మగపిల్లాడు ఎవడైనా సరే, దేవుడిచ్చిన వరం. వాడి బూట్లు పిల్ల తండ్రి కొనాలి, వాడి కోచింగు పిల్ల తండ్రి కట్టాలి, వాడి అలక పిల్ల తల్లి తీర్చాలి. వాడు చేయవలసిందల్లా పడకుండా నిలబడటం.

ఇంకొక్క సంగతి. ఆ బూటు కింద ఇనుప బ్లేడు ఉంటుంది. నేల మీద నడిచేటప్పుడు బ్లేడు పాడవకుండా దానికి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. మంచు మీద కాలు పెట్టే ముందు తీసేయాలి. తీయకుండా దిగితే ఎంత మొనగాడైనా నిలబడలేడు. ప్రాక్టీసు వేళ మంచు మీదికి దిగే తలుపు దగ్గర నిలబడి ఆ కవర్లు అందుకోవడం, మళ్ళీ అందించడం కూడా నా డ్యూటీలోదే.

ఆ పిల్ల మాకు వచ్చినప్పుడు పదేళ్ళుంటాయేమో. తండ్రి ఆయిల్ కంపెనీలో ఇంజనీరు, అజైబాలో ఇల్లు. విజయవాడ వైపు వాళ్ళు. తల్లి చదువుకున్న మనిషి, నన్ను "ఏమ్మా" అనేది. పిల్ల మొదట్లో ఆంటీ అంది. "ఈడ అందరూ ఆంటీలే, నన్ను పెద్దమ్మా అను" అన్నాను. అప్పటినుంచి పెద్దమ్మనయ్యాను.

డాన్సు నేర్పే కోచి చలిదేశం నుంచి వచ్చిన ఆడమనిషి. జాకెట్టు జిప్పు గడ్డం దాకా లాక్కుని, నోట్లో ఈల పెట్టుకుని ఉండేది. ఇంగ్లీషు తప్ప మాట్లాడదు. ఆమె మాటలు నాకు పిల్ల తెలుగులో చెప్పేది. ఆమె రోజూ చెప్పే మాట ఒకటుంది. సగం డాన్సు డాన్సు కాదు. అంటే జోడీ లేకపోతే ఆట లేదని. ఆ మాట అంటూ జిప్పు ఇంకొంచెం పైకి లాగేది, ఇంకా లాగడానికి ఏమీ లేకపోయినా.

మొదటి జోడీ మా క్యాషు కౌంటర్లో కూర్చునే ఫిలిపీనో ఆమె కొడుకు. బడి అయ్యాక తల్లి డ్యూటీ దిగేదాకా రింకులోనే ఉండేవాడు, అలా నేర్చుకున్నాడు. నెమ్మది పిల్లాడు. తలుపు దగ్గరకు వచ్చి ముందు పిల్ల కవర్లు తీసేవాడు, తర్వాత తనవి తీసేవాడు, నాలుగూ కలిపి నా చేతిలో పెట్టి "ఓకే ఆంటీ" అనేవాడు. ఎవరూ చెప్పలేదు, వాడికి వాడే పెట్టుకున్న పద్ధతి. ఇద్దరూ నాలుగేళ్ళు కలిసి చేశారు. పడితే ఇద్దరూ పడేవాళ్ళు, నవ్వుకుంటూ లేచేవాళ్ళు. చిన్న పిల్లల పోటీల్లో దుబాయి వైపు పోయి రెండుసార్లు కప్పులు కూడా తెచ్చారు.

తర్వాత ఆ పిల్ల పెరిగింది. పెరగడం పిల్లల పని కదా. కోచి ఇద్దరినీ వీపుకు వీపు ఆనించి నిలబెట్టి, మధ్యలో చెయ్యి పెట్టి చూసింది. పిల్ల నాలుగు వేళ్ళు ఎక్కువ ఉంది. ఇంక ఆ వారం అంతా గుసగుసలే.

తల్లి నా కౌంటరు దగ్గరకు వచ్చి చెప్పుకుంది. "అబ్బాయి బంగారంలాంటివాడే అమ్మా, కాదనను. కానీ పక్కపక్కన నిలబడితే అక్కాతమ్ముళ్ళలా ఉన్నారు. జడ్జీలు ఏమనుకుంటారు చెప్పు?"

"అక్కాతమ్ముళ్ళు డాన్సు చేస్తున్నారనుకుంటారు" అన్నాను.

ఆమెకు నచ్చలేదు. క్యాషు కౌంటర్లో ఉన్న పిల్లాడి తల్లి మాత్రం ఒక్కసారి అడిగింది. వాడి నాన్న పొడగరి, వీడూ ఎదుగుతాడు, ఒక రెండేళ్ళు ఆగరా అని. సీజను ఆగదు అంది కోచి. పిల్లాడి తల్లి మళ్ళీ అడగలేదు. ఎదురుగా క్యూ ఉంది, టికెట్లు కొట్టుకుంటూ కూర్చుంది.

ఆగండి, అసలు గొప్పతనం ఇంకా రాలేదు. వాడి బూట్లు పిల్ల తండ్రి కొన్నవి. మంచివి, వాడి పాదం కొలతకు ఆర్డరిచ్చి తెప్పించినవి. పిల్ల తల్లి వాటిని వెనక్కి అడిగింది. "కొత్త అబ్బాయికి పనికొస్తాయేమో" అంది. ఒకరి కాలికి కుట్టించిన బూటు ఇంకొకరికి ఎట్లా పనికొస్తుందో ఆమెకే తెలియాలి. వాడు వాటిని గుడ్డతో తుడిచి, బ్లేడ్లకు కవర్లు తొడిగి, తాళ్ళు చుట్టి తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. "ఓకే ఆంటీ" అన్నాడు. నేను వాటిని పై అరలో పెట్టాను. అవి అక్కడే ఉండిపోయాయి.

మాకు మిషన్ నడిపే తమ్ముడు ఒకడు ఉండేవాడు. జనం గీకి గీకి పాడుచేసిన మంచును నున్నగా చేసే బండి అది. నిజామాబాద్ దిక్కు మనిషి. సహం అనే ఊళ్ళో బిల్డింగు సైట్‌లో ఇనుము వంచి, అక్కడ పని అయిపోతే మా కంపెనీలోకి వచ్చాడు. "మా తాత నీళ్ళు లేక పొలం బీడు పెట్టిండు. నేనేమో ఎడారిల నీళ్ళు గడ్డకట్టించి దున్నుతున్న" అనేవాడు. ఆ రోజు బూట్లు చూసి, "అక్కా, పిల్లగాన్ని పంపించిండ్రు సరే. కాళ్ళు గూడ కోసి ఈడ పెట్టి పొమ్మనకపోయిండ్రా" అన్నాడు.

రెండో జోడీ ఇంపోర్టెడ్ సరుకు. కోచి అక్క కొడుకు. విమానం టికెట్టు పంపి తెప్పించారు. పొడుగు, తెలుపు, అద్దం కనపడితే వదలడు. అజైబాలో పిల్ల ఇంట్లోనే గది ఇచ్చారు. పిల్ల తల్లి, ఆ మహాతల్లి, వాడికోసం కారం లేని వంట నేర్చుకుంది. వాడు తిని, బాగాలేదని చెప్పేవాడు. ఎండ బాగాలేదు, నీళ్ళు బాగాలేవు, మంచు బాగాలేదు. నీళ్ళు నీళ్ళుగా ఉందని మంచును సూపు అన్నాడంట. ఆ మాట తెలిసి మా మిషన్ తమ్ముడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

డాన్సు మాత్రం బాగా చేసేవాడు, అబద్ధమెందుకు. పిల్ల వాడితో కలిసి చాలా నేర్చుకుంది. కానీ తలుపు దగ్గర వాడి కవర్లు వాడు తీసుకుని, నా వైపు చూడకుండా గాల్లోకి విసిరేవాడు. నేను పట్టుకున్నానా, కింద పడ్డాయా వాడికి అక్కర్లేదు. పిల్ల పడితే ఆగేవాడు కాదు. ఒక చుట్టు తిరిగొచ్చి, గడియారం చూసి, చెయ్యి చాపేవాడు.

ఏడాది దాటిందో లేదో ఒక పొద్దున వాడు ప్రాక్టీసుకు రాలేదు. ఎయిర్‌పోర్టు నుంచి మెసేజి పెట్టాడు. యూరప్‌లో ఇంకో పిల్ల దొరికిందంట, ఆ పిల్ల తండ్రికి సొంత రింకే ఉందంట. పోటీకి కుట్టించిన జత బట్టలు, మత్రా బజారులో తల్లి వెతికి వెతికి కొన్న పూసలు కుట్టినవి, అట్లాగే సంచిలో ఉండిపోయాయి. కోచి ముఖంలో ఏమైనా మారుతుందేమోనని చూశాను. జిప్పు పైకి లాగింది. వాడి కెరీర్ వాడు చూసుకోవాలి కదా అంది. ఫిలిపీనో పిల్లాడికీ ఒక కెరీర్ ఉండేదని ఆమెకు అప్పుడు గుర్తులేదు.

తల్లి వారం రోజులు ఫోన్లోనే గడిపింది. ఎక్కడెక్కడి కోచిలకో చెప్పింది, ఎవరెవరి పేజీల్లోనో ప్రకటనలు పెట్టింది. జోడీకి మగపిల్లాడు కావలెను. ఎత్తు ఇంత, వయసు ఇంత. ఇల్లు, తిండి మావే. "ఎవరైనా దొరక్కపోతారా అమ్మా" అనేది నాతో. దొరకలేదు.

ఆ నెలల్లో పిల్ల ఒక్కతే ప్రాక్టీసు చేసేది. అడుగులు మర్చిపోకుండా ఉండటానికి కోచి ఒప్పుకుంది, అంతే. నేను అది చూస్తూ నిలబడేదాన్ని. జోడీ డాన్సులో పిల్ల చేతులు ఎప్పుడూ ఎవరి మీదో ఉంటాయి. ఒకటి భుజం మీద, ఒకటి చేతిలో. ఇప్పుడు ఆ భుజం లేదు, చెయ్యి లేదు. అయినా చేతులు అలాగే గాల్లో పెట్టుకుని, వెనక్కి వెనక్కి జారుతూ, వంపులు తిరుగుతూ మొత్తం డాన్సు చేసేది. మొదటి వారం చాలా సార్లు పడింది. వాలడానికి మనిషి ఉన్నాడనుకుని వాలేది.

మా సూపర్‌వైజరు హైదరాబాదీ. గాజు వెనక నుంచి చూసి, "క్యా అమ్మా, ఈ పిల్లకు దిమాగ్ ఖరాబ్ అయిందా, గాలితో డాన్స్ చేస్తుంది?" అన్నాడు.

"గాలి అయితే అలగదు సార్" అన్నాను.

తల్లి ఆ ప్రాక్టీసుకు వచ్చేది కాదు. కారులోనే కూర్చునేది. కూతురు ఒంటరిగా చేతులు చాపి తిరుగుతుంటే చూడలేనంది. కూతుర్ని పట్టుకునే చెయ్యి లేకపోతే బాధ గాని, ఆ చెయ్యి ఎలాంటిదైనా ఆమెకు ఫరవాలేదు.

ఒకరోజు బూట్లు విప్పుకుంటూ పిల్ల నాతో చెప్పింది. "పెద్దమ్మా, నాన్న కాంట్రాక్టు ఎండాకాలంతో అయిపోతుంది. ఈలోపల పార్ట్‌నర్ దొరికితే వాళ్ళుండే ఊరికి అమ్మా నేనూ వెళ్తాం. దొరక్కపోతే ఖలాస్. డాన్సు ఆపేసి ఇండియాకెళ్ళి ఎంట్రన్సు కోచింగులో చేరాలి."

"నువ్వేమన్నావు?"

"ఆపేస్తానన్నాను." తాడు ముడి విప్పుతూ ఉంది, ముడి రావట్లేదు. "ఆపడం ఎలాగో తెలీదు గానీ."

"ఇట్లా ఒంటిగా చేస్తే భయం లేదా?"

"మొదట్లో ఉండేది. ఇప్పుడు ఇంకెవరైనా పట్టుకుంటే ఎలా ఉంటుందో అని భయం" అని నవ్వింది. ఏడ్చినా బాగుండేది.

వేసవి మొదట్లో సంబంధం కుదిరేలా ఉందని తెలిసింది. ఆ మాట నాది కాదు, పిల్ల తల్లిదే. "మంచి సంబంధం అమ్మా" అంది, ఒక క్షణం ఆగి, "అదే, పార్ట్‌నర్" అంది. దుబాయిలో ఉండే ఢిల్లీ వాళ్ళు. పిల్లాడు పద్దెనిమిదేళ్ళవాడు, అప్పటికే ముగ్గురు ఆడపిల్లలతో జోడీ కట్టి వదిలేశాడంట. అదొక అనుభవంగా చెప్పారు. శుక్రవారం పొద్దున, జనం రాకముందు, రింకు అద్దెకు తీసుకుని చూసుకోవాలని నిర్ణయించారు. ఇద్దరూ కలిసి ఒక పాటకు చేస్తారు. పిల్లాడి వైపు వాళ్ళకు నచ్చితే సరే. పిల్లకు నచ్చాలా వద్దా అన్న ప్రశ్న ఎవరికీ రాలేదు.

శుక్రవారం వచ్చారు. పిల్లాడు ముందు, సంచులు మోసుకుంటూ తల్లి వెనక. బెంచీ మీద కాళ్ళు చాపుకుని ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. తల్లి మోకాళ్ళ మీద కూర్చుని బూట్లు తొడిగింది, తాళ్ళు బిగించింది, నీళ్ళు తాగించింది. తలుపు దగ్గరకు రాగానే వాడు ఒక కాలు వెనక్కి మడిచాడు, గుర్రం నాడా కోసం మడిచినట్టు. ఆమె కవరు తీసింది. రెండో కాలు మడిచాడు. అదీ తీసింది. పద్దెనిమిదేళ్ళు.

నా డ్యూటీ కదా అని చెయ్యి చాపాను. "హాత్ మత్ లగావో" అంది. ఆమె కొడుకు బ్లేడ్లు ఇంకెవరూ ముట్టుకోకూడదంట.

ఇద్దరూ మంచు మీద కాసేపు వేడెక్కడానికి తిరిగారు. చేతులు కలిపి రెండు చుట్లు వేశారు. పిల్లాడు చెడ్డగా ఏమీ చేయలేదు. నీట్‌గా చేశాడు. కానీ పిల్ల ఎటు పోవాలో మణికట్టు పట్టి లాగి చెబుతున్నాడు, మేకను సంతకు తోలినట్టు. తర్వాత కోచి ఈల ఊది ఇద్దరినీ బయటకు పిలిచింది. పాట మొత్తం చేసే ముందు కొంచెం మాట్లాడుకోవాలన్నారు. మళ్ళీ కవర్లు తొడిగారు. పిల్ల తనవి తను తొడుక్కుంది. వాడికి తల్లి తొడిగింది.

మాట్లాడుకున్నది పిల్లలు కాదు, తల్లులు. హిందీలో. నాకు అంతా అర్థమైంది, అర్థం కాకపోయినా బాగుండేది.

"మా వాడికి సపరేట్ గది కావాలి. ఏసీ చప్పుడు చేయకూడదు."

"హా జీ, తప్పకుండా."

"అనౌన్స్ చేసేటప్పుడు వాడి పేరే ముందు రావాలి."

"హా జీ."

"మీ అమ్మాయి కొంచెం తగ్గాలి. ఎత్తేటప్పుడు మా వాడి నడుముకు మంచిది కాదు."

ఆ పిల్ల అరటినారలా ఉంటుంది. అయినా తల్లి "హా జీ" అంది.

మిషన్ తమ్ముడు రింకు చుట్టూ ఉన్న గట్టు మీద మోచేతులు పెట్టుకుని నా పక్కకు చేరాడు. "అక్కా, ఇది పోటీయా, పెండ్లిసూపులా?"

"పెండ్లిసూపుల్లో పిల్లోడు కనీసం తన చెప్పులు తనే ఇడుస్తాడు తమ్ముడా."

అవతల గేటు దగ్గర మొదటి జోడీ నిలబడి ఉన్నాడు. చెప్పడం మర్చిపోయాను, ఆ ఫిలిపీనో పిల్లాడు ఆ ఏడాదే మా కంపెనీలో డ్యూటీకి చేరాడు. నారింజ రంగు జాకెట్టు వేసుకుని, రింకు అద్దె బూట్లతో, పడినవాళ్ళను లేపే పని. శుక్రవారం రద్దీ కదా, ముందే వచ్చాడు. ఎవరూ వాడి వైపు చూడలేదు. జాకెట్టు వేసుకున్న మనిషిని ఎవరు చూస్తారు.

కోచి పాట పెట్టే డబ్బా దగ్గరకు పోయి ఈల ఊదింది. పిల్ల తన కవర్లు తీసి నాకిచ్చి, నడిమధ్యకు పోయి నిలబడింది. పిల్లాడి తల్లి ఇంకా బేరంలోనే ఉంది, పోటీల బట్టల రంగు దగ్గరకు వచ్చింది. వాడు కాలు మడిచాడు. ఆమె మాట ఆపకుండానే ఒక చేత్తో కవరు లాగింది. రెండో కాలు మడిచాడు. అదే సమయానికి పిల్ల తల్లి రంగు విషయంలో మొదటిసారి "అది కాదు జీ" అంది. అంతే, పిల్లాడి తల్లి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా లేచింది. కోచి డబ్బా మీద వంగి ఉంది, వెనక్కి చూడలేదు. పాట మొదలైంది. వాడు అయ్యో పాట అనుకుని కాలు దించి తలుపులోంచి మంచు మీదికి ఒక్క దూకు దూకాడు.

ఒక కాలు బ్లేడు. ఒక కాలు ప్లాస్టిక్కు. బ్లేడు కాలు ముందుకు పోయింది, ప్లాస్టిక్కు కాలు దాని దారి అది చూసుకుంది. వాడు కూర్చున్నట్టు పడి, కూర్చున్నట్టే చాలా దూరం పోయాడు. తన కవరు తను తీసుకోవడం చంటిపిల్లలకు కూడా మేము మొదటి రోజే నేర్పుతాం. ముగ్గురు పిల్లలతో జోడీ కట్టిన మొనగాడికి అది ఇంకా రాలేదు, ఎందుకంటే అవసరం పడలేదు.

నేను పిల్ల వైపు చూశాను. ఆగుతుందనుకున్నాను. ఎవరైనా ఆగుతారు. పాట నడుస్తోంది. ఆమె వాడిని చూసింది, వాడు చెయ్యో కాలో విరగ్గొట్టుకోలేదని చూసుకుంది. తర్వాత ఎదురుగా లేని భుజం మీద చెయ్యి పెట్టి, మొదటి అడుగు వేసింది.

మొత్తం చేసింది. వెనక్కి పోయే వంపులు, ఒంటికాలి మీద గిరగిర తిరుగుతూ సాగే చోటు, అన్నీ. కానీ సగం దాటాక ఒకటి మారింది. అన్ని నెలలూ గాలిని పట్టుకుని ఉన్న చేతులు కిందికి దిగాయి. దిగి, వాటి పని అవి చేసుకున్నాయి. ఒకటి పక్కకు తెరుచుకుంది, ఒకటి తల మీదుగా పోయింది. వాలడం మానేసింది. నా పక్కన మిషన్ తమ్ముడు పళ్ళు కుట్టుకుంటున్న పుల్లను తీసి చేతిలో పెట్టుకున్నాడు. ఆ మనిషి ఏదైనా గౌరవించినట్టు నేను చూసింది అదే.

ఈలోపల నారింజ జాకెట్టు పిల్లాడు జారుకుంటూ పోయి, పడినవాడిని చంకల కింద పట్టి ఒక్క ఊపుతో లేపి నిలబెట్టాడు. అప్పుడు అందరం చూశాం. మొనగాడి తల వీడి భుజం దగ్గరకు వచ్చింది. ఆగమంటే ఆగని ఆ రెండేళ్ళలో వీడు తాటిచెట్టులా ఎదిగాడు.

పాట అయిపోయింది. పిల్లాడి తల్లి కేకలు మొదలయ్యాయి. మంచు సరిగ్గా లేదంది.

"నా మంచును అంటుందా ఈమె?" అని తమ్ముడు కదిలాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ తల్లి తర్వాత నేల బాగాలేదంది. నేను అడ్డం నిలబడ్డానంది. చివరికి పిల్ల దగ్గర ఆగింది. "మా వాడు పడితే నువ్వు డాన్స్ చేస్తావా? ఆగాలని తెలీదా?"

పిల్ల ఊపిరి తీసుకుంటూ, మర్యాదగానే చెప్పింది. "పాట ఆగలేదు ఆంటీ."

వాడు మాత్రం తుడుచుకుని, "ఇప్పుడు నేను రెడీ, మళ్ళీ పెట్టండి" అన్నాడు. కాలికి ఇంకా కవరు ఉంది.

"నాది అయిపోయింది" అంది పిల్ల.

వాళ్ళు సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. పిల్ల తల్లి బెంచీ మీద కూలబడింది. కొంప మునిగినట్టు ముఖం పెట్టుకుని ఒక నిమిషం ఉందేమో. తర్వాత ఆమె కళ్ళు నారింజ జాకెట్టు మీద పడ్డాయి. కిందినుంచి పైదాకా చూసింది. లేచింది. నాకు సంగతి అర్థమైపోయింది.

"ఎంత పొడుగయ్యావు బాబూ" అంది ఇంగ్లీషులో, వాడిని నిన్నే ఎత్తుకుని ఆడించినట్టు. "మీరిద్దరూ ఎంత బాగా చేసేవాళ్ళు. మళ్ళీ మొదలుపెడదామా? అమ్మా, ఆ బూట్లు ఉన్నాయి కదా, పట్టుకురా."

పట్టుకొచ్చాను. ఆ వినోదం నేనెందుకు వదులుకుంటాను. పై అర మీది దుమ్ము కూడా దులపలేదు. వాడు ఒక బూటు తీసుకుని, తన పాదం పక్కన పెట్టి చూపించాడు. జానెడు తక్కువ ఉంది. మళ్ళీ జాగ్రత్తగా తాడు చుట్టి నా చేతికిచ్చాడు.

"చిన్నవి మేడమ్" అన్నాడు. "డ్యూటీ ఉంది."

కోపం లేదు వాడి గొంతులో. పిల్ల వైపు చూసి బొటనవేలు ఎత్తాడు, పిల్లా ఎత్తింది. వాడు గేటు తీయడానికి పోయాడు, బయట జనం వచ్చి ఉన్నారు.

అప్పుడు కోచి జిప్పు పైకి లాగి నోరు విప్పింది. ఒంటరిగా చేసే డాన్సు పోటీ ఒకటుందంది. ఇప్పుడు చాలా దేశాల్లో పెడుతున్నారంట. ఏ ఊళ్ళో ఉన్నా, జోడీ లేకుండా నేర్చుకోవచ్చంట. ఇన్నేళ్ళూ ఆ మాటను ఏ జేబులో పెట్టుకుందో.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అంది తల్లి.

అది జోడీ దొరకనివాళ్ళకు, అంది కోచి.

"అంటే మిగిలిపోయినవాళ్ళకా?" అంది తల్లి.

పిల్ల వంగి బూటు తాడు బిగించుకుంటోంది, విప్పడం లేదు. తల ఎత్తకుండానే అంది. "వచ్చినవాళ్ళంతా పోయారమ్మా. మిగిలింది నేనే కదా."

ఆ ఏడాది చివర్లో ఆ పిల్ల ఒంటరి పోటీకి దూరదేశం పోయింది. పతకం రాలేదు, మధ్యలో ఎక్కడో వచ్చింది. ఇప్పటికీ చేస్తోంది, కాలేజీలో చదువుకుంటూ. కోచి అయితే రింకు గోడకు ఒంటరి డాన్సు నేర్పుతానని బోర్డు తగిలించింది, అదేదో తనే కనిపెట్టినట్టు. పిల్లలు బాగానే చేరారంట. సగం డాన్సు సంగతి ఏమైందని ఆమెను అడిగినవాళ్ళు లేరు. పిల్ల తల్లి ఇప్పుడు అందరికీ చెబుతుంది, "మా అమ్మాయికి మొదటినుంచీ ఒంటరిగానే చేయించాలని మా ఉద్దేశం" అని. నా ఎదురుగానే చెప్పింది. నేను దగ్గాను.

పిల్లలూ, మీకు నీతి చెప్పేంతదాన్ని కాను. ఆ శుక్రవారం తర్వాత మొదటి ప్రాక్టీసు నాడు జరిగింది చెప్పి ఊరుకుంటాను. పిల్ల తలుపు దగ్గరకు వచ్చింది. అలవాటు ప్రకారం చెయ్యి చాపాను. "వద్దులే పెద్దమ్మా" అని, వంగి రెండు కవర్లూ తనే తీసి, తిరిగొచ్చినప్పుడు అందేలా గట్టు మీద పక్కపక్కన పెట్టి దిగిపోయింది. నా చెయ్యి చాపింది చాపినట్టే ఉంది.

మిషన్ తమ్ముడు చూసి నవ్వాడు. "అక్కా, నీ డ్యూటీ పాయె."

"పోనీలే" అన్నాను.